మార్గో పెట్టుకోనన్న టోపీ

లండన్‌కి నైరుతి కొసన ఉండే సర్బిటన్ పేరెత్తితే ఇంగ్లండ్‌లో చాలామందికి ఒకటే బొమ్మ కనబడుతుంది. కొలత పెట్టి కత్తిరించినట్టుండే పచ్చిక, పొద్దున్నే వాటర్లూ రైలెక్కే భర్త, కర్టెన్ సందులోంచి పక్కింటిని కనిపెట్టే భార్య. ఆ బొమ్మను జనం మనసుల్లో గట్టిగా నాటింది 1975లో బీబీసీలో మొదలైన కామెడీ సీరియల్ ‘ది గుడ్ లైఫ్’. రాసినవాళ్లు జాన్ ఎస్మండ్, బాబ్ లార్బీ. వీధి దృశ్యాలు తీసింది మాత్రం నగరానికి ఇంకో పక్క ఉన్న నార్త్‌వుడ్‌లో. పేరు, నింద రెండూ సర్బిటన్‌కే మిగిలాయి!

కథలో నలభై ఏళ్లు నిండగానే టామ్ గుడ్ ఉద్యోగం మానేస్తాడు. భార్య బార్బరాతో కలిసి పూలతోట దున్ని కూరగాయలు వేస్తాడు. పందులు, కోళ్లు, మేక దిగుతాయి. గోడకవతల జెర్రీ, మార్గో లెడ్‌బెటర్ దంపతుల ఇల్లు.

ఇంకొకరి చేతిలో పడితే మార్గో ఉత్త పొగరుబోతుగా మిగిలేది. ఈ రచయితలు ఆమెను ఓపిగ్గా చెక్కారు. మొదటి ఎపిసోడ్‌లో ఆమె గొంతే తప్ప మనిషి కనబడదు. ఆ గొంతులోనే జెర్రీ కాపురం ఎలాంటిదో తెలిసిపోతుంది.

1977 క్రిస్మస్ ఎపిసోడ్ చూడండి. పండగ చెట్టు అరడుగు పొట్టిగా ఉందని మార్గో తిప్పి పంపేస్తుంది. దాంతోపాటు మిగతా సరుకూ వెనక్కి పోతుంది. పండగ పూట పక్కింటి గడప తొక్కక తప్పదు. అక్కడ అందరికీ పాత పేపర్లతో చేసిన టోపీలు. మార్గో తనకిచ్చినదాన్ని పెట్టుకోనంటుంది. పేపరు టోపీ నామోషీ అని కాదు, అది ‘డైలీ మిర్రర్’ కాగితమని! కార్మికుల పక్షం పత్రిక మరి. ఏ పేపరు ఏ ఇంట్లో పడుతుందో చూసేవాళ్లకు తెలుసు కనక రచయితలు ఒక్క ముక్క కూడా విడమరచలేదు. మార్గోగా నటించిన పెనెలపీ కీత్ కూడా నవ్వించాలన్న ఆత్రం మొహంలో కనబడనివ్వదు. మార్గోకి అది నిజంగానే పరువు సమస్య. అదే ఏడాది కీత్‌కు బాఫ్టా అవార్డు వచ్చిందంటే ఊరికే రాలేదు.

మరోచోట, ఇంట్లో కాచిన బఠానీ తొక్కల వైన్ కాస్త ఎక్కువయ్యాక, తనకు హాస్యం అర్థం కాదని, బడిలో చదివేటప్పుడూ అంతేనని మార్గో చెప్పుకుంటుంది. అప్పటిదాకా ఆమెను చూసి పకపకలాడిన మనకి కాస్త సిగ్గేస్తుంది. అసలు ఆమె ఫిర్యాదుల్లో తప్పేముంది? పక్క పెరట్లో పందుల్ని పెంచితే ఎవరికి ఒళ్లు మండదు? ఇప్పుడు చూస్తే నాకు విసుగనిపించేది టామే. ఎవరి దయా అక్కర్లేదంటూనే జెర్రీ మంచితనాన్ని బాగా వాడుకుంటాడు.

1978లో ఆఖరి ఎపిసోడ్‌ని ఎలిజబెత్ రాణి ఎదుట ఆడారు. రాణిగారు వస్తున్నారని మార్గోకి తెలిసుంటే, ఏ గౌను వేసుకోవాలో తేల్చుకునేలోపు జెర్రీ ప్రాణం తోడేసేది.