కాంటా, సగటు, సూపర్ టాకిల్

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల కబడ్డీ బరులకు కొదవ లేదు. బౌలింగ్ లేన్ చూడాలంటే మాత్రం హైదరాబాద్ మాల్‌కు బస్సెక్కాలి. అయినా ఈ రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. బలంలో తేడా ఉన్నప్పుడు ఒకటి దాన్ని లెక్కగట్టి భర్తీ చేస్తుంది, రెండోది మనుషులనే వేరు చేస్తుంది.

బౌలింగ్ లీగుల్లో ఒక ఆధార సంఖ్యలోంచి ఆటగాడి సగటు తీసేసి, మిగిలినదాంట్లో కొంత శాతం అతని స్కోరుకు కలుపుతారు; దీన్నే హ్యాండికాప్ అంటారు. ఆధారం 220, శాతం 90 అనుకుందాం. సగటు 140 ఉన్నవాడికి 72 పిన్నులు, 200 ఉన్నవాడికి 18 కలుస్తాయి. ఇద్దరూ తమ సగటే ఆడితే 212, 218. అంటే 60 పిన్నుల తేడా 6కు దిగిందే తప్ప పోలేదు. శాతం 80 చేస్తే అది 12. నూటికి నూరూ ఇచ్చేస్తే ఇక నేర్పుకు విలువేముందని గట్టి ఆటగాళ్లు అడుగుతారు. ఆ వాదన నాకు ఎక్కదు. నేర్పును మాత్రమే తూచే పోటీలు, హ్యాండికాప్ లేనివి, విడిగా ఉన్నాయి. సమానం చేస్తామని పిలిచి పదో వంతు అట్టిపెట్టుకోవడం అన్యాయం. తక్కువ సగటువాడు ఒక్కోరోజు చెలరేగిపోతాడన్నది నిజమే, మరో రోజు అంత కిందికీ పడతాడు.

కబడ్డీలో సబ్ జూనియర్ బాలురకు బరువు హద్దు ఉంటుంది. దానికి ఒక్క కిలో మించినవాడికి భర్తీ లేదు, ఇంటిదారే. అందుకే పోటీ పొద్దున నీళ్లు మానేసి, స్వెట్టర్ తొడుక్కుని గ్రౌండ్ చుట్టూ ఉరికే పిల్లలుంటారు. బనీను కూడా విప్పేసి, ఎండిన పెదవులతో కాంటా ఎక్కుతారు. బౌలింగ్‌లోనూ మోసముంది: సీజన్ మొదట్లో కావాలని తక్కువ కొట్టి సగటు దించుకుంటారు. అక్కడ నష్టం ఎదుటి జట్టుకు. ఇక్కడ పిల్లవాడి ఒంటికి. నా దృష్టిలో ఇదే పెద్ద తప్పు.

కబడ్డీలోనే మేలైన ఏర్పాటు ఒకటుంది, సూపర్ టాకిల్. బరిలో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ను పడితే అదనంగా ఒక పాయింటు. పాత రికార్డు అక్కర్లేదు, కళ్లముందున్న లోటుకే భర్తీ. ముందుగా దొంగలెక్క చూపే వీలే లేదు.

కాంటా బెడద మాత్రం దానితో తీరదు. అమెరికా బౌలింగ్ సంస్థ యూఎస్‌బీసీ గుర్తించే సగటుకు కనీసం 21 గేములు ఆడి ఉండాలి. మన ఊరి నిర్వాహకులూ ఒక్క పొద్దుటి తూకాన్ని నమ్మకుండా, ప్రాక్టీసు వారాల్లో చెప్పకుండా నాలుగైదు సార్లు తూచి సగటు తీయాలి.