నంది చెవి

పాలంపేట వెళ్లినవాళ్లు నేరుగా రామప్ప గుడిలోకి నడుస్తారు, నల్లరాతి మదనికల కోసం. తప్పేం లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో చూపు ఆగని చోటు లేదు. నా కాళ్లు మాత్రం బయట నంది దగ్గరే ఆగిపోతాయి. మెడలో ఆ మువ్వల నగిషీ చూసి, ఒక్క మువ్వైనా మోగుతుందేమోనని చెవి ఒగ్గాను. తీరా చూస్తే నాకంటే ముందే నంది చెవి ఒగ్గి ఉంది!

శివుడి ఆజ్ఞ కోసమట. కానీ ఆ శిల్పి దీన్ని కొట్టంలోనే చూసి ఉంటాడు. కుడితి బకెట్ చప్పుడైతే చాలు, ఎద్దు చెవులు నిక్కుతాయి, నోరూరుతుంది. రష్యాలో పావ్‌లోవ్ పట్టుకున్నదీ ఈ మర్మాన్నే. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న ఆయన, తిండి నోటికి అందకముందే కుక్కకు లాలాజలం ఊరడం గమనించాడు. మెట్రోనోమ్ టిక్కుటిక్కుమనిపించి వెంటనే తిండి పెట్టాడు. కొన్నిసార్లు అలా చేశాక ఉత్త చప్పుడుకే నోరూరింది. డీఎస్సీకి చదివినవాళ్లు బట్టీపట్టిన శాస్త్రీయ నిబంధనం ఇదే.

ఇందులో నన్ను కట్టిపడేసేది క్రమం. చప్పుడు ముందు రావాలి. తిండి పెట్టాక మోగిస్తే కుక్క నేర్చుకునేది దాదాపు ఏమీ ఉండదు. చప్పుడుకూ తిండికీ నడుమ ఉన్న ఆ రవ్వంత ఎడంలోనే ఎదురుచూపు పుడుతుంది. శిల్పి ఉలి దించింది సరిగ్గా అక్కడే. లేచిన ఎద్దులో బలం చూపొచ్చు, నెమరువేసే ఎద్దులో శాంతం చూపొచ్చు. ఇతను రెంటినీ వదిలేసి, 33 సంచారి భావాల్లో ఒకటైన ఔత్సుక్యాన్ని రాతి చెవిలో నిలిపాడు. మదనికల ఒంపులకన్నా ఇదే కష్టమైన పని అంటాను.

తిండి పెట్టకుండా చప్పుడొక్కటే వినిపిస్తూ పోతే లాలాజలం తగ్గి, ఆగిపోతుంది. అది విరమణ. కొంత విరామం తర్వాత మళ్లీ వినిపిస్తే మళ్లీ ఊరుతుంది. దాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. నేర్చింది చెరిగిపోలేదన్నమాట, అడుగున దాగిందంతే. ఈ నందికి ఆ విరమణ కూడా లేదు. 800 ఏళ్లుగా పిలుపు వచ్చిందీ లేదు, చెవి వాలిందీ లేదు.

ఈసారి వెళ్లినప్పుడు గుడిలో గంట మోగగానే మీ చేతులు వాటంతటవే జోడవుతాయి. ఆలోగా ఒక్కసారి నంది చెవి చూడండి.