దండీలు, బస్కీలు, కాస్త బరువు

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చి, కృష్ణదేవరాయల దినచర్యను రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగేవాడట. ఒళ్లంతా నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతుల్లోకి తీసుకుని ఎత్తేవాడు. ఆ నూనె చెమటతో పాటు కారిపోయేదాకా కత్తి సాము చేసేవాడు. తర్వాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి తెల్లవారేదాకా మైదానంలో స్వారీ చేసి, అప్పుడు స్నానానికి వెళ్లేవాడు.

ఈ వరసను గమనించండి. ముందు బరువులు, తర్వాతే ఆయాసం వచ్చే పనులు. కండ పెంచడమే ముఖ్యమనుకునేవాళ్లకు ఇవాళ్టి శిక్షకులు చెప్పే వరస కూడా ఇదే. మనం మాత్రం పొట్ట కనిపించగానే రాత్రి అన్నం మానేసి, పొద్దున్నే పార్కు చుట్టూ నడక మొదలుపెడతాం. నడక మంచిదే. కానీ తిండి తగ్గించి, కండకు పని చెప్పకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ఆర్నెల్లలో ఆరు కిలోలు తగ్గినవాడు మెట్లెక్కలేక నీరసపడేది అందుకే.

మనవాళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. సన్నగానే ఉన్నామని నిశ్చింతగా ఉండేవాళ్లంతా చూడవలసిన ఫొటో అది. బరువు యంత్రం మీద అంకె తగ్గితే చాలదు. కొవ్వు తగ్గాలి, కండ నిలవాలి, వీలైతే పెరగాలి.

ఆ పనికి మన ఊళ్లలో ఒకప్పుడు చోటుండేది. గరిడీ అన్నా తాలింఖానా అన్నా, ఒక వస్తాదు, ఒక మట్టి గోదా, గద, ఎక్కడానికి ఒక తాడు ఉండేవి. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్ నడిపి, 'కలియుగ భీముడు' అనిపించుకున్న కాలం అది. ఆయన శాకాహారి. కండకు మాంసమే దిక్కు అనుకునేవాళ్లు ఆ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. 1910లో లండన్ వెళ్లి జిబిస్కో అనే మల్లుడితో తలపడిన గామా పహిల్వాన్ సాధన కూడా దండీలు, బస్కీల మీదే నిలబడింది.

దండీని చాలామంది మామూలు పుషప్ అనుకుంటారు. కాదు. అరచేతులు భుజాలకన్నా కాస్త ఎడంగా నేలకు ఆనించి, నడుము బాగా పైకెత్తి, తల రెండు చేతుల మధ్యకు వంచాలి. అక్కణ్నుంచి మోచేతులు మడుస్తూ ముందు తల, తర్వాత ఛాతీ, ఆ వెనక పొట్ట నేలను తాకీ తాకనట్టు ముందుకు జారాలి. ఛాతీ ముందుకొచ్చి, మెడ పైకి లేచి, చేతులు చాపేసరికి సగం అయింది. మళ్లీ నడుమును వెనక్కి, పైకి తీసుకుపోతే ఒక దండీ. ఛాతీ, భుజాలు, దండచేతుల వెనకభాగం బలంగా పనిచేస్తాయి. తొడల వెనక కండరాలు సాగుతాయి, వెన్ను రెండు వైపులా వంగుతుంది. నెమ్మదిగా తీస్తే పది దండీలకే చేతులు వణుకుతాయి. హడావిడిగా యాభై తీసినా అంత పని జరగదు.

బస్కీలో కిందికి కూర్చునేటప్పుడు మడమలు లేస్తాయి, బరువంతా మునివేళ్ల మీదికి వస్తుంది. తొడలకు దీన్ని మించిన పని తక్కువ. అయితే మోకాలి మీద ఒత్తిడి ఎక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మడమలు నేల మీదే ఉంచి, కుర్చీ ఎత్తు వరకే దిగి లేస్తే చాలు.

గరిడీ పద్ధతిలో నాకు నచ్చని సంగతి ఒకటుంది: లెక్క కోసం తీయడం. వంద బస్కీలు తేలిగ్గా తీయగలిగే స్థితికి వచ్చాక రెండువందలు తీస్తే దమ్ము పెరుగుతుంది కానీ కండ పెద్దగా పెరగదు. ఇక మీదట కండ పెరగాలంటే ఎత్తే బరువు పెరగాలి. 1940లలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్, గాయపడిన సైనికులకు బరువును కొద్దికొద్దిగా పెంచుతూ వ్యాయామం చేయించి, త్వరగా కోలుకునేలా చేశాడు. నేటి జిమ్‌లన్నీ నడిచేది ఆ సూత్రం మీదే. మన వస్తాదులకూ ఇది తెలుసు. చిన్న గద చేతికి అలవాటయ్యాకే పెద్ద గద ఇచ్చేవారు.

ఇంట్లో గద లేకపోయినా 20 లీటర్ల నీళ్ల క్యాను ఉంటుంది. ఐదు లీటర్లు పోస్తే ఐదు కిలోలు, పది పోస్తే పది. దాన్ని గుండెకు హత్తుకుని కూర్చుని లేవండి. తుంటి దగ్గర వంగి, వెన్ను వంచకుండా, క్యానును నేల మీంచి నడుము దాకా లాగండి. ఈ లాగే పనిని వదిలిపెట్టకూడదు. దండీలు, బస్కీలలో లాగడం లేదు. గరిడీలో ఆ లోటును తాడు ఎక్కడం, పారతో గోదా తవ్వడం, కుస్తీ పట్టడం తీర్చేవి. దండీలు మాత్రమే తీసేవాడి భుజాలు ముందుకు వంగిపోయే ప్రమాదం ఉంది.

ఒక్కో వ్యాయామం ఎనిమిది నుంచి పదిహేను సార్లు, మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య రెండు నిమిషాల విరామం. ఇంకొకటి రెండు మాత్రమే తీయగలను అనిపించే చోట ఆపాలి. పదిహేను తేలికైతే నీళ్లు పెంచండి. వారానికి మూడు రోజులు చాలు, మిగతా రోజులు నడవండి. సుశ్రుతుడు బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలన్నాడు, ఊపిరి నోటిదాకా వస్తే ఆపమన్నాడు. రోజూ చేసేవాడికి అది సరైన మాట. కండ పెరగాలంటే అంతకన్నా దగ్గరగా హద్దుకు వెళ్లాలి, వెళ్లినందుకు మర్నాడు విశ్రాంతి ఇవ్వాలి. కండ పెరిగేది ఆ విశ్రాంతిలోనే.

తిండి సంగతికి వస్తే, పహిల్వాన్ల నెయ్యి, పాలు, బాదం వాళ్ల వేల దండీలకు సరిపోయాయి. కుర్చీలో కూర్చుని పనిచేసే మనకు ఆ నెయ్యి పొట్టే అవుతుంది. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. గంట నడిస్తే ఖర్చయ్యేది 250-300. కొవ్వు తగ్గేది ప్రధానంగా కంచం దగ్గరే. పొట్ట కోసం ప్రత్యేకంగా చేసే వ్యాయామాలు పొట్ట కండరాన్ని గట్టిపరుస్తాయి, పైన ఉన్న కొవ్వును మాత్రం ఏరి కరిగించలేవు.

అన్నం తగ్గించండి, పప్పు తగ్గించకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలంటుంది. బరువులు ఎత్తేవాళ్లకు 1.6 గ్రాముల వరకు మేలని పరిశోధనలు చెబుతున్నాయి. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22, ఒక గుడ్డులో 6 గ్రాములు దొరుకుతాయి. గరిటెడు పప్పుచారుతో ఆ లెక్క తేలదు. ప్రొటీన్ పొడుల జోలికి వెళ్లొద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు తిండి మార్చే ముందు, బరువు ఎత్తే ముందు డాక్టరును అడగాలి.

గరిడీ చేసిన పెద్ద తప్పు ఆడవాళ్లను గోదా దరిదాపులకు రానివ్వకపోవడం. వయసుతో కండ వాళ్లకూ కరుగుతుంది, ఎముక పలచబడటం వాళ్లకే ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కిలోలు ఎత్తి దేశానికి పతకం తెచ్చింది. మీ ఊళ్లో పాత తాలింఖానా ఇంకా నిలిచి ఉంటే, పంచాయతీతో మాట్లాడి తాళం తీయించండి. పొద్దున ఒక గంట ఆడపిల్లలకు, సాయంత్రం ఒక గంట అరవై దాటినవాళ్లకు కేటాయించండి.