జిమ్‌కు వేసిన తాళం

1999 జనవరి 4న కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ హైస్కూలు బాస్కెట్‌బాల్ పిల్లలు ప్రాక్టీసుకు వచ్చేసరికి జిమ్‌కు తాళం వేసి ఉంది. వేసింది వాళ్ల కోచ్ కెన్ కార్టరే. అప్పటికి జట్టు ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. అయినా 45 మంది ఆటగాళ్లలో 15 మంది చదువు విషయంలో మాట తప్పారు. సగటు గ్రేడు 2.3కి తగ్గకూడదని, క్లాసులు ఎగ్గొట్టకూడదని, ముందు బెంచీలో కూర్చోవాలని సీజను మొదట్లోనే అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడాయన. రాష్ట్రం అడిగేది 2.0 మాత్రమే. 2005లో వచ్చిన ‘కోచ్ కార్టర్’ సినిమా పుణ్యమా అని ఈ కథ మనవాళ్లలోనూ చాలామందికి తెలుసు. సినిమా చూసినవాళ్లు కోచ్ మొండితనాన్ని మెచ్చుకుంటారు. మొండితనం చాలామంది కోచ్‌లకు ఉంటుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ తాళం ఎంత త్వరగా తీయడానికి వీలుగా ఉందన్నదే.

ఆట కోసమే బడికొచ్చే కుర్రాడి నుంచి ఆటే లాక్కుంటే బడి మానేస్తాడు కదా అని కార్టర్‌ను తప్పుపట్టినవాళ్లు అడిగారు. కొట్టిపారేయాల్సిన మాట కాదిది. టెక్సస్ 1984లో ఒక చట్టం చేసింది: ఒక్క సబ్జెక్టు తప్పినా ఆరు వారాలు ఆట బంద్. ఆరు వారాలంటే పదిహేనేళ్లవాడికి సీజనంతా పోయినట్టే, ఇక చదివి ఏం లాభం అనిపిస్తుంది. ఆ గడువును తర్వాత మూడు వారాలకు తగ్గించుకోవాల్సి వచ్చింది. కార్టర్ తాళం నిలిచింది కొద్ది రోజులే. ఆ రోజుల్లో పిల్లలు చదువు మీద కూర్చున్నారు, గ్రేడ్లు దారిలో పడ్డాక జిమ్ తెరిచారు. పోయిన ఆటను వచ్చే వారమే తిరిగి తెచ్చుకోవచ్చని తెలిస్తే పుస్తకం తీయడానికి పిల్లవాడికి ఒక కారణం దొరుకుతుంది. పైగా హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిల్లో ఎన్‌సీఏఏ కాలేజీ జట్లకు చేరేది నూటికి ముగ్గురో నలుగురో. మిగతావాళ్లకు ఆట ఎటూ హైస్కూలుతోనే ముగుస్తుంది. (మన దగ్గర గొడవ వేరు. పదో తరగతి వచ్చిందంటే ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు పట్టుకుపోతారు. తాళం వేసి బెదిరించడానికి ఆట అంటూ మిగలదు.)

బాగా చదివిన 30 మందినీ ఎందుకు కూర్చోబెట్టాలన్న ప్రశ్నకు నా దగ్గర అంత గట్టి జవాబు లేదు. అది అన్యాయమే. కార్టర్ సొంత కొడుకూ ఆ జట్టులో ఆడేవాడు, చదువులో ముందుండేవాడు. అతనికీ ఆట లేదు. కాకపోతే తప్పినవాళ్లను మాత్రమే పక్కనపెట్టి ఉంటే వాళ్లు ఇంటికి పోయేవాళ్లు, జట్టు గెలుస్తూ సాగిపోయేది, వాళ్ల గ్రేడ్ల గురించి ఎవరూ అడిగేవారు కాదు. అందరినీ ఆపాడు కాబట్టి వెనకబడ్డవాణ్ని చదివించే పని తోటివాళ్ల మీదా పడింది. తన దగ్గర ఆడిన పిల్లలంతా హైస్కూలు పూర్తిచేశారని కార్టర్ చెబుతాడు. అది ఆయన మాటే కాబట్టి అంతవరకే తీసుకుందాం. నాకున్న అసలు భయం మరొకటి. తాళం గ్రేడుతో ముడిపడిందంటే పెద్ద మ్యాచ్ ముందు ఒత్తిడంతా క్లాసు టీచర్ మీదికి మళ్లుతుంది, రెండు మార్కులు కలపమని. అప్పుడు కోచ్ ఎవరి పక్షాన నిలబడతాడో ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు.