బండికి కొత్త తాళంచెవి పరిచయం
తాళంచెవికి పళ్లు కోయడం చెయ్యి తిరిగిన పనివాడికి నిమిషాల పని. ఇమ్మొబిలైజర్, అంటే పరాయి తాళంచెవితో ఇంజిన్ నడవనివ్వని ఏర్పాటు, ఉన్న కారుకు అదొక్కటే చాలదు. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ తరంగాలతో, దాన్ని మేల్కొలిపి గుర్తింపు అడుగుతుంది. జవాబు తప్పితే ఇంజిన్ నడవదు.

అందుకే నేటి తాళాల మేస్త్రీ సంచిలో ఆకురాయి పక్కన ప్రోగ్రామర్ అనే పరికరం చేరింది. ముందుగా కారు బ్యాటరీ వోల్టేజీ చూసుకుంటాడు. మధ్యలో కరెంటు పడిపోతే కంట్రోల్ యూనిట్‌కే ముప్పు. ఆపై డ్యాష్‌బోర్డు కింది ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించి, పిన్ కోడ్ ఇచ్చి కొత్త చిప్‌ను నమోదు చేస్తాడు. పాత తాళంచెవి పోయి ఉంటే దాన్ని లెక్కలోంచి కొట్టేస్తాడు. ఇక అది ఎవరికి దొరికినా ఇంజిన్ లేవదు.

ఇంత విద్య చేతిలో ఉండీ, ఆర్సీ చూడందే పనిలోకి దిగని మేస్త్రీకి నమస్కారం.