ఒకే సముద్రాన్ని పోగొట్టుకున్న రెండు ఊళ్ళు

ఆంస్టర్‌డామ్ చూడబోయిన మనవాళ్ళకు ఒక రోజు మిగిలితే చేసే ప్రయాణం దాదాపు ఒకటే. సెంట్రల్ స్టేషన్ వెనక బస్సెక్కితే అరగంటలో వోలెండమ్. అక్కడ రేవులో లాంచీ ఎక్కితే మరో అరగంటలో మార్కెన్. సాయంత్రానికి మళ్ళీ నగరం. తిరిగొచ్చాక వాళ్ళు చెప్పే తీర్పు కూడా దాదాపు ఒకటే: వోలెండమ్ అంతా అంగళ్ళు, మార్కెన్ అసలైన జాలరి పల్లె. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి కాస్త నిదానంగా చూస్తే అది నిలబడదని నా నమ్మకం.

ఈ రెండు ఊళ్ళ రేవుల్లోనూ ఇప్పుడున్నది మంచినీరు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది. వందేళ్ళ కిందట ఇది జైడర్‌జీ అనే ఉప్పునీటి అఖాతం. ఉత్తర సముద్రం నెదర్లాండ్స్ నడిబొడ్డు దాకా చొచ్చుకొచ్చిన చోటు. హెర్రింగ్ చేపలు, నెత్తళ్ళు గుంపులుగా లోపలికి వచ్చేవి. బోటర్ అనే చదును అడుగు తెరచాప పడవల మీద వోలెండమ్ వాళ్ళూ మార్కెన్ వాళ్ళూ ఒకే నీటిలో వల వేసేవాళ్ళు. 1916 జనవరి తుపానులో కరకట్టలు తెగిపోయాయి. మార్కెన్ దీవిలోనే 16 మంది చనిపోయారు. ఇంజనీరు కార్నెలిస్ లేలీ ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చిన పథకం ఆ తర్వాతనే, 1918లో, చట్టమైంది. 32 కిలోమీటర్ల పొడవైన అడ్డుకట్ట కట్టి, 1932 మే 28న చివరి గండి పూడ్చారు. అఖాతం సరస్సు అయింది. కొన్నేళ్ళలోనే నీటిలో ఉప్పు పోయింది, దాంతోపాటే హెర్రింగూ నెత్తళ్ళూ పోయాయి. జాలర్లను ఆదుకోవడానికి 1925లోనే ఒక చట్టం చేశారంటే, ఏం జరగబోతోందో అందరికీ ముందే తెలుసన్నమాట. మార్కెన్ జనం ప్రాణాలు కాపాడిన కట్టే మార్కెన్ జనం జీవనాధారాన్ని తీసుకుపోయింది.

సముద్రం పోయాక జాలరి ఊరు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు వోలెండమ్, మార్కెన్ చెరో జవాబు చెప్పాయి. ఒక్క రోజులో తిరిగివచ్చే యాత్రలో మనకు ఆ జవాబులు మాత్రమే కనిపిస్తాయి. ప్రశ్న కనిపించదు. అందుకే ఒకటి నకిలీ, ఒకటి అసలు అనిపిస్తుంది.

మార్కెన్‌లో నాకు అన్నిటికంటే విలువైనవి ఇళ్ళ కింది భాగాలు. ఈ ఊరు ఒక్క చోట లేదు. మట్టి పోసి ఎత్తు చేసిన దిబ్బల మీద ఇళ్ళు గుంపులు గుంపులుగా ఉంటాయి, మధ్యలో తడి పచ్చికబయళ్ళు. దిబ్బల మీద చోటు నిండిపోయాక, తర్వాతివాళ్ళు పక్కనే గుంజలు పాతి వాటి మీద చెక్క ఇళ్ళు కట్టుకున్నారు. పోటెత్తిన నీరు ఇంటి కింద నుంచి వెళ్ళిపోయేది, మనుషులు పైన ఉండేవాళ్ళు. సముద్రం మూసుకుపోయి వరద భయం తగ్గాక ఆ గుంజల మధ్య ఖాళీలకు గోడలు పెట్టి గదులు చేసుకున్నారు. రేవు దగ్గరి ఇళ్ళ ముందు నిలబడి, కింది గది తర్వాత వచ్చింది, ఒకప్పుడు అక్కడ నీళ్ళు పారేవి అని తెలిసి చూస్తే ఆ వీధి మొత్తం వేరుగా కనిపిస్తుంది. జనం పచ్చరంగు చెక్క గోడల ముందు ఫోటో తీసుకుంటారు. చరిత్ర మాత్రం మోకాలి ఎత్తులో ఉంది.

ఊరి మధ్య దిబ్బ మీద చర్చి ఉంది. దాని లోకప్పు నుంచి పడవల నమూనాలు వేలాడుతుంటాయి. దగ్గర్లోనే, పాతకాలపు చిన్న ఇళ్ళను కలిపి మ్యూజియం చేశారు. అక్కడి గది చూస్తే ఒక కుటుంబం ఎంత తక్కువ జాగాలో బతికిందో అర్థమవుతుంది. తూర్పు కొసన 1839 నాటి లైట్‌హౌస్. రేవు నుంచి అక్కడికి కరకట్ట మీద నడిచిపోవాలి. లాంచీ దిగినవాళ్ళలో ఎక్కువమంది రేవు వీధి దాటరు. తిరుగు లాంచీ వేళ చూసుకుంటూ కాఫీ తాగి వెనక్కి వెళ్ళిపోతారు. కట్ట మీద నడిస్తే ఒక పక్క నీరు, మరో పక్క నీటికంటే పల్లంగా పచ్చిక. ఆ తేడా కళ్ళారా చూసినవారికి ఈ దేశం గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఇంకో ముక్క కూడా చెప్పాలి. మార్కెన్ ఉత్తరాన నీటిలోకి కొంత దూరం పోయి ఆగిపోయిన కట్ట ఒకటుంది. చుట్టూ ఉన్న సరస్సును ఎండగట్టి పొలాలు చేద్దామని 1941లో మొదలుపెట్టిన పని అది. యుద్ధంలో ఆగింది, ఆ తర్వాత దశాబ్దాల పాటు వాదోపవాదాలు జరిగి చివరికి ఆలోచననే వదిలేశారు. ఆ పథకం సాగి ఉంటే మార్కెన్ చుట్టూ ఉన్న నీటిలో చాలా భాగం పొలమయ్యేది. 1957లో ప్రధాన భూభాగం నుంచి కట్ట వేయడంతో దీవి మాత్రం దీవి కాకుండా పోయింది.

ఇంత ఇష్టంగా చెప్పినా, మార్కెన్ అసలైన జాలరి పల్లె అన్న మాట నేను ఒప్పుకోను. రెండు వేలకు లోపు జనం ఉన్న ఈ ఊరిలో చాలామంది ఆ కట్ట మీది రోడ్డులోనే బయటికి వెళ్ళి ఉద్యోగాలు చేసుకుంటారు. వచ్చినవాళ్ళు కార్లు ఊరి మొదట్లోనే ఆపి నడవాలి. కిటికీ పరదాలు తెల్లగా, గడపలు శుభ్రంగా ఉంటాయి. అందంగానే ఉంటుంది, కానీ జాలరి ఊరు ఎప్పుడైనా ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా? తారు వాసన, ఆరేసిన వలలు, బేరాల గొడవ, పడవ రాలేదని కట్ట మీద ఎదురుచూసే ఆడవాళ్ళు: ఇవన్నీ తీసేశాక మిగిలిన ప్రశాంతత ఇది. అందులో కొంత భాగం పని లేకపోవడం వల్ల వచ్చినదే.

వోలెండమ్ దగ్గరికి వస్తే, పర్యాటకం ఈ ఊరికి నిన్న మొన్న పూసిన రంగు కాదు. ఫ్రెంచి రచయిత ఆన్రీ అవార్ జైడర్‌జీ ఒడ్డునున్న చచ్చిపోయిన పట్టణాల గురించి పుస్తకం వేసింది 1874లో. ఆ పుస్తకం యూరప్ చదువరులను ఈ తీరానికి తిప్పింది. 1881లో లేన్‌డెర్ట్ స్పాండర్ రేవు కట్ట మీద హోటల్ తెరిచాడు. చిత్రకారులు వచ్చారు, నెలల తరబడి ఉన్నారు, బిల్లుకు బదులు బొమ్మలు ఇచ్చి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఆ బొమ్మలు ఇవాళ్టికీ హోటల్ గోడల నిండా ఉన్నాయి. ఒగుస్తాఁ అనికోత్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఇక్కడే కాపురం పెట్టి మంచు మీద ఆడుకునే ఊరి పిల్లలను ఏళ్ళ తరబడి గీశాడు. అంటే సముద్రం మూసుకుపోవడానికి 50 ఏళ్ళ ముందే వోలెండమ్‌కు అతిథుల రాకపోకలు అలవాటయ్యాయి. హెర్రింగ్ పోయిన రోజున ఆ ఊరి చేతిలో రెండో వృత్తి సిద్ధంగా ఉంది. దాన్ని పట్టుకుని బతికింది. అందుకు నేను ఆ ఊరిని తప్పుపట్టలేను.

పైగా 20 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు అది. రేవు వీధి దాని ముఖం మాత్రమే. కట్ట దిగి లోపలికి పోతే ఇరుకు సందులు, చిన్న చెక్క వంతెనలు, కట్ట కంటే పల్లంలో ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళు. పడవలు వదిలిన మగవాళ్ళు చాలామంది భవన నిర్మాణంలోకి వెళ్ళారు. ఊరి కుర్రాళ్ళు పాటలు కట్టారు. ది క్యాట్స్, బీజెడ్‌ఎన్ వంటి బృందాలు దేశమంతా తెలిసినవి. ఆ బాణీకి ఇక్కడ పొగబెట్టి అమ్మే చేప పేరే పెట్టారు. నారింజ రంగు చొక్కాల ఫుట్‌బాల్ జట్టు ఉంది. 2001 కొత్త సంవత్సరం రాత్రి ఇదే రేవు వీధిలోని ఒక కెఫేలో మంటలు లేచి 14 మంది యువతీయువకులు చనిపోయారు. ఆ ఊళ్ళో ఆ రాత్రి తాకని కుటుంబం అరుదు. అక్కడ ఐస్‌క్రీమ్ కొనుక్కుంటూ నడిచే మనకు ఇది తెలిసి ఉంటే ఆ వీధిని వట్టి బజారు అనలేం.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. వోలెండమ్ అమ్ముతున్నందుకు కాదు, ఏం అమ్ముతోందన్నదే బాధ. చెక్క బూట్లు, గాలిమరల మాగ్నెట్లు, జున్ను గుండ్రాలు దేశంలో ఎక్కడైనా దొరుకుతాయి. ఎదురుగా ఉన్న నీటిలో ఉప్పు ఎందుకు లేదో ఆ రేవు వీధి సందడి అడగనివ్వదు. తన కథ అంత గొప్పగా ఉండి, పక్క ఊళ్ళ సరుకు ముందుపెట్టి కూర్చుంది.

చేప సంగతీ అంతే. వోలెండమ్ గర్వంగా అమ్మేది పొగబెట్టిన మలుగు, ఇక్కడివాళ్ళ పాలింగ్. పాములా సాగిన ఆ చేప సర్గాసో సముద్రంలో పుట్టి, అట్లాంటిక్ దాటి యూరప్ నదుల్లోకి వస్తుంది. యూరప్ మలుగు ఇప్పుడు అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో ఒకటి. దాన్ని పూర్తిగా చెరువుల్లోనే పుట్టించి పెంచే పద్ధతి ఇంకా వ్యాపార స్థాయికి రాలేదు. పెంపకం చేపలు కూడా సముద్రం నుంచి పట్టితెచ్చిన పిల్లలే. రుచి అద్భుతం, నిజమే. కానీ మార్కెన్‌లో ఇళ్ళ కింద కనిపించే చరిత్ర వోలెండమ్‌లో ఈ చేపలో ఉంది. అది తెలుసుకుని తిన్నా, తెలుసుకుని మానినా మంచిదే.

ఇక దుస్తులు. రెండు ఊళ్ళ తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. వోలెండమ్ రేవులో ఫోటో స్టూడియోలు వరసగా ఉన్నాయి. మనవాళ్ళు కుటుంబాలతో లోపలికి వెళ్ళి, రెండు కొనలు పైకి తిరిగిన తెల్ల లేసు టోపీ, చారల గౌను వేసుకుని ఫోటో తీయించుకుంటారు. ప్రపంచం మొత్తం డచ్చి స్త్రీ అనగానే ఊహించుకునే టోపీ అదే. నిజానికి అది ఈ ఒక్క కాథలిక్ ఊరి ఆడవాళ్ళది. కొద్దిపాటి నీటికి అవతల ప్రొటెస్టెంట్ మార్కెన్‌లో ముస్తాబే వేరు: అంచెలంచెల రవికలు, పూల గుడ్డలు, ముఖానికి రెండు పక్కలా వేలాడే జుట్టు. చిన్న మగపిల్లలకు కూడా ఆడపిల్లల్లాగే పావడా వేసేవాళ్ళు. ఇవాళ వోలెండమ్ దుస్తులు ఊరివాళ్ళకంటే ఎక్కువగా బయటివాళ్ళ ఒంటి మీద కనిపిస్తాయి. మార్కెన్‌లో ఊరివాళ్ళే ఏప్రిల్ 27న, రాజుగారి పుట్టినరోజు పండక్కి, తమ దుస్తులు తీసి కట్టుకుంటారు. ఈ ఒక్క విషయంలో మార్కెన్ వైపే నేను. బట్ట ఎవరిదో వాళ్ళ పండగతో ముడిపడి ఉన్నంత కాలం అది బతికే ఉంటుంది.

ఈ బట్టల్లో మనకూ ఒక పోగు ఉంది. ఈ అఖాతం ఒడ్డునున్న హోర్న్, ఎంక్‌హౌజెన్ డచ్చి ఈస్టిండియా కంపెనీ శాఖలున్న రేవులు. ఆ కంపెనీకి 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో కోఠీ ఉండేది. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలు ఇక్కడికి చేరాయి. ఇదే తీరంలోని హిండెలోపెన్ పట్టణపు స్త్రీల పొడవాటి అంగీలు ఆ పూల గుడ్డతోనే కుట్టేవాళ్ళు. మ్యూజియం అద్దాల వెనక వాటిని చూసే తెలుగువారు ఒక్క క్షణం ఎక్కువ ఆగాలి.

అసలైన జాలరి ఊరే కావాలంటే అది ఈ రెండూ కాదు, ఉర్క్. ఇదీ దీవే. 1939లో కట్టతో కలిసింది, తర్వాత పక్కనున్న నీటిలో చాలా భాగం పొలమైంది. అయినా ఉర్క్ వాళ్ళు వేట వదల్లేదు. ఉత్తర సముద్రానికి పెద్ద ట్రాలర్లతో వెళ్ళారు. చాలా ట్రాలర్లు హార్లింగెన్, డెన్ హెల్డర్ వంటి సముద్రపు రేవుల్లోనే ఉంటాయి. మనుషులు వారం మొదట్లో వ్యాన్లలో వెళ్ళి పడవ ఎక్కుతారు, చేప లారీల్లో ఉర్క్ వేలానికి వస్తుంది. కాబట్టి నిజమైన జాలరి ఊరి రేవు ఫోటోలో మనం అనుకున్నట్టు ఉండదు. ఈ మధ్య దెబ్బలూ తగిలాయి. విద్యుత్తుతో అడుగు చేపను లేపి పట్టే పద్ధతిని యూరోపియన్ యూనియన్ 2021 నుంచి పూర్తిగా నిషేధించింది. ఎన్నో పడవలు తుక్కు కింద పోయాయి. ఒడ్డున నీటి వైపు చూస్తున్న స్త్రీ విగ్రహం, చుట్టూ రాళ్ళ మీద తిరిగిరాని వాళ్ళ పేర్లు, వయసులు ఉంటాయి. ఆ వయసులు చదువుతూ నడవడం కష్టం.

ఒక్క రోజే ఉన్నవారికి నేను చెప్పేది ఇది. వరస మార్చండి. పొద్దున్నే బస్సులో నేరుగా మార్కెన్ వెళ్ళి, గుంపులు రాకముందే లైట్‌హౌస్ దాకా నడవండి. మధ్యాహ్నం లాంచీలో వోలెండమ్ చేరండి. చలికాలమైతే లాంచీ వేళలు ముందే చూసుకోండి. రేవు వీధి తొందరగా దాటి కట్ట వెనక సందుల్లో తిరగండి. స్పాండర్ హోటల్ గోడల మీది బొమ్మలు చూడండి. టూరు బస్సులు వెళ్ళిపోయేదాకా ఉండండి. రెండు చోట్లా కిటికీల్లోంచి లోపలికి కెమెరా పెట్టకండి, అవి జనం కాపురాలున్న ఇళ్ళు. ఇంకో రోజు దొరికితే ఉర్క్ వెళ్ళండి, ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు ఊరు చర్చిలో ఉంటుంది, దుకాణాలు తెరవరు.