దాసికి ఒక శుద్ధప్రతి

యసుజిరో ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ అసలు నెగెటివ్ ఇప్పుడు లేదు. సినిమా విడుదలైంది 1953లో. తర్వాత కొన్నాళ్లకే ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. అయినా ఇవాళ ఆ సినిమాను ఇంట్లో పెట్టుకుని చూస్తే ఒనోమిచి ఊరి రేవు, ముసలాయన ముఖంలో కదిలీ కదలని నవ్వు, ఎండాకాలపు మధ్యాహ్నం ఆగకుండా ఊగే విసనకర్రలు అన్నీ తేటగా కనిపిస్తాయి. కాలిపోయినదాన్ని ఇంత తేటగా ఎట్లా చూడగలుగుతున్నామన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

జవాబు ఏమంటే, కొందరు పట్టుబట్టి పనిచేశారు. నెగెటివ్ పోయినా దాన్నుంచి తీసిన నకళ్లు మిగిలాయి. ఓజు పుట్టి 110 ఏళ్లయిన 2013లో, ఆయన జీవితమంతా పనిచేసిన షోచికు సంస్థే ఆ నకళ్లను తెప్పించి, స్కాన్ చేయించి, ఒక్కొక్క ఫ్రేమునూ శుభ్రం చేయించింది. అంతకు పదేళ్ల ముందే, 2003లో, అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ ఇదే సినిమాను రెండు డిస్కుల డీవీడీగా తెచ్చింది. సినిమా ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. ఒక పండితుడు సినిమా పొడవునా చెప్పిన వ్యాఖ్యానం, ఓజు జీవితంమీద 1983లో తీసిన డాక్యుమెంటరీ, ఆయన ప్రభావంలో పెరిగిన దర్శకుల మాటలు కూడా అందులో చేర్చింది. 2007లో ఆయన చివరి కాలపు సినిమాలు ఐదింటిని ఒక పెట్టెలో పెట్టింది. ఆ మరుసటి ఏడు మూకీ సినిమాలు మూడింటిని ఇంకో పెట్టెలో తెచ్చింది. మూకీలకు కొత్తగా పియానో కట్టించారు. ఆ సంగీతం వద్దనుకున్నవాళ్లు దాన్ని ఆపేసుకుని, నిశ్శబ్దంగానే చూడొచ్చు. చూసేవాడిమీద ఇంత గౌరవముంటే తప్ప ఇట్లాంటి వసతి పెట్టాలన్న ఆలోచన రాదు.

మన దగ్గర హోమ్ వీడియో అన్నమాటకు వేరే చరిత్ర ఉంది. ఎనభైల్లో కరీంనగర్‌లో వీసీఆర్ కిరాయికి తెచ్చుకుని, వాకిట్లో టీవీ పెట్టి, వాడకట్టు వాడకట్టంతా కూర్చుని రాత్రంతా వరసగా సినిమాలు చూసేవాళ్లం. తర్వాత వీసీడీలొచ్చాయి. ఒక సినిమాకు రెండు ప్లేట్లు. బొమ్మ కొలత 352 చుక్కలు అడ్డం, 288 నిలువు, అంతే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మడం మొదలుపెట్టాక సినిమా కొనుక్కోవడం సోడా తాగినంత తేలికైంది. నేను దాన్ని చిన్నచూపు చూడను. పాత సినిమాలను సామాన్యుడి ఇంట్లోకి తెచ్చింది ఆ ధరే. కానీ అప్పట్లో బజారులో దొరికిన డిస్కుల్లో చాలావాటి పరిస్థితి ఏమిటో కొన్నవాళ్లకు తెలుసు. ఒక డిస్కులో మూడు సినిమాలు కుక్కేవారు. పద్యాలు కత్తిరించేవారు. బొమ్మ మూలన కంపెనీ గుర్తు సినిమా అయిపోయేదాకా వెలుగుతూ ఉండేది. చదరపు సినిమాను వెడల్పు టీవీకి సరిపెట్టడానికి మనుషుల తలలు, కాళ్లు తీసేసేవారు. ఓజు కెమెరాను నేలకు రెండు మూడడుగుల ఎత్తులో, చాపమీద కూర్చున్న మనిషి చూపుకు అందేటట్టు పెడతాడు. ఆ చట్రంలో కింది అంచున ఉన్న టీ గిన్నె కూడా లెక్కపెట్టి పెట్టిందే. అట్లాంటి చట్రాన్ని కత్తిరిస్తే అది ఓజు సినిమాయే కాదు.

మా ఊరికి ప్రపంచ సినిమాను పరిచయం చేసింది బజారు కాదు, కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ. అందరం ‘కఫిసో’ అంటాం. సత్యజిత్ రాయ్ వంటివాళ్లు కలిసి 1959లో ఫిల్మ్ సొసైటీల సమాఖ్యను నిలబెట్టాక, ఆ గాలి పెద్ద నగరాల్లోనే ఆగిపోకుండా మా జిల్లా కేంద్రం దాకా వచ్చింది. కవి, విమర్శకుడు వారాల ఆనంద్ లాంటివాళ్లు దాన్ని ఏళ్ల తరబడి భుజాన మోశారు. ఫిల్మ్ భవన్ పేరుతో సొసైటీకి ఒక ఇల్లే ఉందిక్కడ. ఆ రోజుల్లో మంచి సినిమా చూడాలంటే రీళ్ల డబ్బాలు రావాలి, ప్రొజెక్టరు పనిచేయాలి, కరెంటు ఉండాలి. అప్పుడొక్కసారి చూసినదాన్ని ఏళ్లపాటు తలుచుకుని బతకాలి. మళ్లీ చూసే దారి లేదు. సినిమా గురించి మేం చేసిన వాదాల్లో సగం జ్ఞాపకంమీద చేసినవే.

డిస్కు ఆ లోటు తీర్చింది. అమెరికాలో ఉన్న బంధువుల పిల్లలు వచ్చేటప్పుడు సామాన్లలో ఓజు పెట్టె ఒకటి తెచ్చిపెట్టారు. అక్కడి డిస్కు ఒకటో రీజియన్‌ది, మన దేశానిది ఐదు. మామూలు ప్లేయరు దాన్ని ముట్టదు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయరు వెతికి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మొదలైంది అసలు చూడటం. ఒక సన్నివేశం దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు కెమెరా ఎక్కడుందో కాగితంమీద గీసుకుని చూసిన రాత్రులు నాకు సినిమా నేర్పాయి. పుస్తకాన్ని పేజీ తిప్పి మళ్లీ చదువుకున్నట్టు సినిమాను చదువుకోవడం అప్పుడే సాధ్యమైంది.

‘టోక్యో స్టోరీ’ని ఒకసారి మా అమ్మతో కలిసి చూశాను. అమ్మకు ఇంగ్లిష్ రాదు. తెరమీద అక్షరాలు పడ్డప్పుడల్లా నేను తెలుగులో చెప్తూ పోయాను. జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే ‘బెన్షి’లు ఉండేవారు. వాళ్లకు హీరోలకున్నంత పేరు. వాళ్ల పని ఎంత కష్టమో ఆ రెండు గంటల్లో నాకు తెలిసింది. ముసలి దంపతులు పిల్లల్ని చూడటానికి టోక్యో పోతారు. పిల్లలకు తీరిక లేదు. డబ్బులిచ్చి వేడినీటి బుగ్గల ఊరికి పంపించేస్తారు. యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య ఒక్కతే సెలవు పెట్టి వాళ్లను ఊరంతా తిప్పుతుంది. సినిమా అయిపోయాక పిల్లలమీద నాకు కోపంగా ఉంది. అమ్మకు లేదు. “పిల్లలు చెడ్డోల్లు కాదు బిడ్డా, పనుల్ల పడ్డరు, గంతే” అన్నది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో కొడుకు దుబాయిలో, తల్లిదండ్రులు ఇంటిదగ్గర ఉన్న గడప లేని వాడ ఏదీ? ఓజు సినిమా మా ప్రాంతానికి పరాయిది కాదు. దానిమీద పేజీలకు పేజీలు రాసిన విమర్శకులు ఎంతో శ్రమపడి చేరిన చోటికి అమ్మ ఒక్క మాటలో చేరింది. తెరకింద తెలుగు అక్షరాలు ఉండి ఉంటే, నా గొంతు అడ్డం లేకుండా ఆ సినిమా నేరుగా అమ్మకే చేరేది. ఆ డిస్కులో నాకు కనిపించిన ఒకే ఒక లోటు అది. దాన్ని పూరించాల్సింది టోక్యోలోనో న్యూయార్క్‌లోనో ఉన్నవాళ్లు కాదు, మనమే.

ఇట్లాంటి పెట్టె తయారుచేయడాన్ని వ్యాపారం అనుకుంటే దాని సగం సంగతి కూడా అర్థం కాదు. మనకు తెలిసిన పనుల్లో దీనికి దగ్గరిది సి.పి. బ్రౌన్ చేసిన పని. కడపలో తన బంగళాలోనే పండితులను కూర్చోబెట్టి, సొంత జీతంలోంచి వాళ్లకు జీతాలిచ్చి, ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించి, ఒక పద్యానికి దొరికిన పాఠాలన్నీ పక్కపక్కన పెట్టి, తప్పులు ఏరి శుద్ధప్రతులు రాయించాడాయన. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. జూలూరి అప్పయ్య చేత మనుచరిత్రకు, వసుచరిత్రకు వ్యాఖ్యానాలు రాయించాడు. సినిమాకు శుద్ధప్రతి చేయడమూ అచ్చంగా ఇదే. నెగెటివ్ ఎక్కడుందో వెతకాలి. అందులో బూజు పట్టిన రీలుకు బదులు ఇంకో ప్రింటులోంచి ఆ భాగం తీసుకోవాలి. గీతలు చెరిపేటప్పుడు వానచినుకులు చెరిగిపోకుండా చూసుకోవాలి. ధ్వనిలో బుస తగ్గించేటప్పుడు మనిషి ఊపిరి పోకూడదు. అన్నిటికన్నా కష్టం రంగు.

రంగు మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుతాను. ఓజు మొదటి రంగుల సినిమా 1958లో వచ్చిన ‘ఈక్వినాక్స్ ఫ్లవర్’. అందరూ వాడే ఫిల్మును కాదని ఆయన జర్మనీవాళ్ల అగ్ఫాను ఎంచుకున్నాడు. కారణం, అందులో ఎరుపు ఆయన కోరినట్టు పలుకుతుంది. ఆ సినిమాలో ఒక ఎర్ర కెటిల్ ఉంటుంది. కథతో దానికి పనిలేదు. గదిలో ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ కనిపిస్తుంది. ఇల్లంతా బూడిదరంగు, గోధుమరంగు, మధ్యలో ఆ ఎరుపు. పెండ్లి విషయంలో కూతురితో పంతం పట్టిన తండ్రి ఇల్లు అది. కాలం గడిచేకొద్దీ ఫిల్ములో రంగులు పాలిపోతాయి. బాగుచేసేవాడు ఆ ఎరుపును కాస్త నారింజవైపు తిప్పినా ఓజు వేసిన లెక్క తప్పుతుంది. అందుకే బాగుచేసేటప్పుడు కెమెరా పనిచేసినవాళ్లనో, వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లనో పక్కన కూర్చోబెట్టుకుంటారు.

ఇప్పుడు ‘దాసి’ దగ్గరికి వస్తాను. బి. నర్సింగరావు 1988లో తీసిన ఈ సినిమాకు జాతీయ పురస్కారాలు ఐదు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఏ.కె. బీర్, దుస్తులకు సుదర్శన్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం. ఆ వైకుంఠం మా ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి మనిషి. తెలంగాణ పల్లె మనుషుల పసుపును, కుంకుమను, చీర అంచును దేశమంతటి గోడలమీదికి తీసుకుపోయిన చిత్రకారుడు. అట్లాంటి కన్ను దొరగారి గడిలో గోడలకు, గుంజలకు, దాసి కమలాక్షి కట్టుకున్న గుడ్డకు ఏ రంగు ఎంచిందో చూడాలని నాకు ఎంత కోరికో చెప్పలేను. కానీ ఇంట్లో చూడటానికి నా చేతికందిన ప్రతులన్నింటిలో గోడ, గుడ్డ, మనిషి ఒళ్లు అన్నీ ఒకే మురికి రంగులో కలిసిపోయి ఉన్నాయి. గడి లోపలి చీకటి సినిమాలో పాత్రలాంటిది. ఆ ప్రతుల్లో అది చీకటిలా కాదు, మసిలా కనిపిస్తుంది. దేశం పురస్కారమిచ్చిన పనినే మనం చూడలేకపోతున్నాం.

నర్సింగరావు సినిమాలు ఎక్కువ లేవు. ‘మా భూమి’కి ఆయన నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు. తర్వాత ఆయనే దర్శకుడిగా 1983లో ‘రంగుల కల’, 1987లో డాక్యుమెంటరీ ‘మా ఊరు’, ‘దాసి’, ఆ వెంట ‘మట్టి మనుషులు’. ఒక పెట్టెలో సుఖంగా పడతాయి. కానీ ఆలస్యం చేస్తే సినిమాలు మిగలవు. ఓజు తీసిన 54 సినిమాల్లో మూడింట ఒక వంతు ఈనాడు లేనేలేవు. 1927 నాటి మొదటి సినిమా కూడా పోయింది. మన తొలి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ కూడా ఇప్పుడు చూడటానికి దొరకదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిల్ముల గోదాము తగలబడి వేల రీళ్లు బూడిదయ్యాయి. డిజిటల్ వచ్చాక దేశంలో ల్యాబులు మూతపడుతూ వస్తే, ఎందరో నిర్మాతల నెగెటివులు దిక్కులేనివయ్యాయి. తీసినవాళ్లు పలకరిస్తే పలికేంత దగ్గరలో ఉండగానే వాళ్ల సినిమాలకు ఈ పని జరగాలి.

మనవాళ్లు ఏమీ చేయలేదని అనను. 2010లో ‘మాయాబజార్’కు హైదరాబాద్‌లో రంగులద్దారు. ఆ సాంకేతిక శ్రమ గొప్పదే, జనం థియేటర్లకు మళ్లీ వచ్చారు. అయినా నాకు ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెన్నెల నలుపు తెలుపుల్లోనే కావాలి. మచ్చలేని నలుపు తెలుపు ప్రతి ముందు, రంగులు ఆ తర్వాత. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి పుణె ఫిల్మ్ ఆర్కైవ్, ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ కలిసి ఆయన పాత సినిమాలను దేశంలో ఎన్నో ఊళ్లలో పెద్ద తెరమీద వేశాయి. దారి ఉందని దానితో తెలిసింది. ఇక కావాల్సింది ఒక దర్శకుడి పని మొత్తాన్ని ఒక చోట చేర్చి చూడటం. స్టార్ల పేరుమీద చేస్తున్నాం, దర్శకుల పేరుమీద ఇంకా అలవాటు కాలేదు.

నర్సింగరావు సినిమాల పెట్టె ఎట్లా ఉండాలో నా మనసులో స్పష్టంగా ఉంది. ‘మా భూమి’ నలుపు తెలుపుల్లో, కత్తిరించని చట్రంలో ఉండాలి. దానితోపాటు ఆ కథకు మూలమైన కృష్ణచందర్ ఉర్దూ నవల గురించి ఒక మంచి వ్యాసం రావాలి. ‘దాసి’కి రంగులు సరిచేసే గదిలో వైకుంఠం కూర్చోవాలి. సబ్‌టైటిళ్లు ఇంగ్లిష్‌లోనే కాదు, తెలుగులో కూడా పడాలి. చెవులు వినపడనివాళ్లకు, తెలంగాణ మాట అలవాటు లేనివాళ్లకు అవి పనికొస్తాయి. ఇక సినిమా పొడవునా సాగే వ్యాఖ్యానానికి ప్రొఫెసర్లు ఒక్కళ్లే చాలరు. గడిలో వెట్టి చేసినవాళ్ల బిడ్డలు, మనుమరాళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఉన్నారు. తమ తల్లులు, అవ్వలు చెప్పిన సంగతులు వాళ్లకు తెలుసు. వాళ్లను పిలిచి, సినిమా వేసి, చూస్తూ ఏమంటారో అది రికార్డు చేయాలి. దానికి పెద్ద స్టూడియో ఏమీ అక్కర్లేదు. ఒక ఆదివారం పూట ఫిల్మ్ భవన్ హాలు, రెండు మంచి మైకులు ఉంటే మొదలుపెట్టవచ్చు.